ఉదయగిరిలో గ్యాస్ మార్చిన నాలుగు రోజులు

మే నెల. ఉదయం ఐదూ నలభైకి ఉదయగిరి పాలకేంద్రం గేటు ముందు వ్యాను దిగాం. గాలి లేదు. పగలు తాగిన వేడిని కొండరాళ్లు ఇంకా వదల్లేదు. సామాను: వాక్యూమ్ పంపు, గేజీలు, వెల్డింగ్ టార్చి, కొత్త గ్యాస్ సిలిండర్లు రెండు, పాత గ్యాస్ కోసం ఖాళీ సిలిండర్లు.

సైన్యంలో పదిహేడేళ్లు కూలింగ్ మిషన్లు చూశాను. ఆత్మకూరు తిరిగొచ్చాక నన్ను పనికి పిలిచింది మా పాత హవల్దారే. మంచుకొండల్లో రెండు చలికాలాలు ఒకే బంకర్లో ఉన్నాం. నా కాలివేళ్లు మొద్దుబారితే తన పొట్టకు ఆనించుకుని కాపాడిన మనిషి. ఇప్పుడు కాంట్రాక్టరు. ఆయన ఆర్డర్ ఇదీ: పాలు చల్లబరిచే మిషన్‌లోని పాత గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తుంది, గాలికి వదలకుండా ఖాళీ సిలిండర్లోకి లాగాలి. ఓజోన్ జోలికి పోని, మంట అంటుకోని కొత్త గ్యాస్ నింపాలి. నేను దాన్ని మళ్లీ దొరికిన డ్యూటీ అనుకున్నాను.

నాతో వెల్డర్ కరీముల్లా. అనుమసముద్రంపేట వాడు, ముప్పయ్యైదేళ్లు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

మూడు రోజులు పాత గ్యాస్ పని. నాలుగో రోజు పదకొండుకి కొత్తది ఎక్కించాం. గంటలోపే ఒక పైపు అతుకు దగ్గర లీకు. మిషన్ ఆపి, ఉన్న గ్యాస్ వెనక్కి లాగాం. కిటికీలు తెరిచాం. వాసన పోలేదు.

"అన్నా, ఇది వంటగ్యాస్ మాదిరి ఉండాది," అన్నాడు కరీముల్లా.

హవల్దారుకు ఫోన్ చేశాను. "సార్, సిలిండర్లో ఏముండాది?"

"కొత్త గ్యాసేరా. ఆ వాసన మిషన్ ఆయిల్‌ది. సాయంత్రం పాల ట్యాంకర్లొస్తాయి, వెల్డింగ్ కానీండి."

"మంట పెట్టాల సార్. కచ్చితంగా చెప్పండి."

"బంకర్లో ఎప్పుడన్నా నీకు అబద్ధం చెప్పినానా?"

లేదు. ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్ జేబులో పెట్టి, కరీముల్లాతో "కానీయ్" అన్నాను.

పన్నెండూ ఇరవై. నేల మీద నీలం మంట పరిగెత్తింది. తర్వాత చప్పుడు. బయటికి లాక్కొచ్చేసరికి అతని కుడిచెయ్యి మోచేతి దాకా, ముఖం ఒక పక్కంతా కాలిపోయాయి. పాలవ్యానులోనే ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చాం.

మూడు గంటలకు హవల్దారు వచ్చాడు. నన్ను వరండా చివరికి తీసుకుపోయాడు.

"కరీముల్లానే సిలిండర్ మార్చినాడని చెప్పరా. ఇద్దరం బయటపడతాం. చౌకగా దొరికిందని కొన్నా, ఇట్లయితాదనుకోలా."

"తెలిసే చెప్పినారా సార్?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

విప్పని రెండో సిలిండర్‌ను పోలీస్ స్టేషన్లో అప్పగించాను. మంట పెట్టమన్నది నేనేనని కూడా రాసిచ్చాను. పరీక్షలో వంటగ్యాస్ కల్తీ అని తేలింది. కేసు నడుస్తోంది. హవల్దారు బెయిల్ మీద ఉన్నాడు. బస్టాండులో ఎదురైతే తల తిప్పుకునేది నేనే. ఒక అబద్ధం నిలబెట్టుకోవడానికి మా బంకర్‌ను వాడుకున్నాడు. అది నాకు మింగుడుపడదు.

కరీముల్లా బతికాడు. కుడిచేతి వేళ్లు ముడవలేడు. వాళ్ల ఊరి దర్గా దగ్గర బామ్మర్ది అంగట్లో కూర్చుంటున్నాడు. నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

స్టేషన్ కాగితంలో ఒకటి రాయలేకపోయాను. నేను "కానీయ్" అన్నాక కరీముల్లా నా ముఖంలోకి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ ముసలి వాచ్‌మన్‌ను భుజం పట్టి బయటికి నడిపించాడు. "నువ్వు గేటుకాడికి పో తాతా," అన్నాడు. మళ్లీ లోపలికొచ్చి, అతుకు ముందు మోకాళ్ల మీద కూర్చుని, లైటర్ తీశాడు.