గొరిల్లా ముందు దగ్గకూడదు

మా ఆయనకి దగ్గు మొదలైతే ఇంట్లో అందరం మాటలు ఆపేసేవాళ్లం. అన్నం తింటున్నా, టీవీ చూస్తున్నా, నేను ఎవరి మీదో ఒకరి మీద అరుస్తున్నా సరే, ఆ దగ్గు తెరిపిచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడమే. "నీ నోరు మూయించేది లోకంలో ఇదొక్కటేనే" అని మా అత్తయ్య ఒకసారి అంది. అన్నాక ఆవిడే కొంగుతో కళ్లొత్తుకుంది. మా మామగారు పోయింది దగ్గుతోనే మరి.

మామగారు చిలకలూరిపేటలో హైవే పక్కనున్న ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. పత్తిలోంచి గింజ తీసి దూది వేరుచేసే మిల్లు అది. లోపలికెళ్లిన మనిషి సాయంత్రం బయటికొచ్చేసరికి కనుబొమల దగ్గర్నుంచి కాలి వెంట్రుకల దాకా నూగు పట్టి తెల్లగా ఉంటాడు. మూతికి తువ్వాలు కట్టుకోమంటే "నేనేమన్నా పెళ్లికూతురినా?" అనేవారట. చివర్లో దగ్గి దగ్గి మాట్లాడే ఓపిక కూడా లేకుండా పోయారు. మా ఆయన అదే మిల్లులో ఫిట్టరు. చేతిపని మంచిదని పేరొచ్చి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఉగాండాలో ఒక పత్తి మిల్లు వాళ్లు రమ్మన్నారు. నేను కాన్వెంటులో టీచరుద్యోగం మానేసి, అత్తయ్యని వెంటబెట్టుకుని ఆయనతో పాటే వెళ్లాను. అత్తయ్య సూట్‌కేసులో చీరల కంటే ఎండు మిరపకాయలే ఎక్కువ. పెళ్లికి ముందు మిరప కల్లాల్లో కూర్చుని తాలుకాయలు ఏరిన మనిషి. మిరపకాయ లేని దేశం కూడా దేశమేనా అని ఆవిడ బాధ.

అక్కడ మా క్వార్టర్సు మిల్లు ఆవరణలోనే. కిటికీ తీస్తే దూది నూగు ఇంట్లోకి వచ్చి పడేది. రెండో ఏడు పత్తి సీజన్లో మా ఆయనకి దగ్గు పట్టుకుంది. ముందు పొడిదగ్గే అనుకున్నాం. తర్వాత అది లోపలి నుంచి, పొట్ట అడుగు నుంచి రావడం మొదలెట్టింది. ఒకరోజు వంటింట్లో అత్తయ్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "అచ్చం మీ మామయ్య దగ్గేనే అమ్మాయ్" అంది. ఇక ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మా ఆయన వినేవాడు కాదు. బతిమాలాను, అరిచాను, అలిగి అన్నం మానేశాను. ఆయనదొకటే మాట. "దుమ్ము వల్ల వచ్చిందే. దుమ్ములోంచి బయటపడితే అదే పోద్ది. ఎక్స్‌రే ఎందుకు, ఉన్న ధైర్యం పోగొట్టుకోడానికా?" మరి ఆదివారం మిల్లు మూసినప్పుడు కూడా వస్తోందే అంటే చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాడు. మొండి ఘటం. భయపడ్డ మగాడికన్నా మొండివాడు ఉండడని నాకు అప్పుడే తెలిసింది.

అగ్రిమెంటు అయిపోయి మేం తిరిగొచ్చే ముందు, మిల్లు యజమాని మమ్మల్ని ఒక యాత్రకి పంపించాడు. ఆయన తన చుట్టాల కోసం ముందే టిక్కెట్లు తీసిపెట్టిన గొరిల్లా సఫారీ అది. వాళ్లు రాలేకపోయారు. మిల్లు ఆఫీసులో ఒక గొరిల్లా బొమ్మ క్యాలెండరు ఉండేది. సంవత్సరం అయిపోయినా మా ఆయన దాన్ని తీయనిచ్చేవాడు కాదు. "ఇక్కడిదాకా వచ్చి దీన్ని చూడకుండా పోతే పేటలో ఏం మొహం పెట్టుకుని తిరగను?" అనేవాడు. అత్తయ్య మాత్రం పెదవి విరిచింది. "కోతుల్ని చూడ్డానికి ఇంత దూరం పోవాలా? కోటప్పకొండ మెట్ల మీద కూర్చుంటే అవే వచ్చి చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోతాయి గదరా!"

అలా తిడుతూనే మా కంటే ముందు వ్యానెక్కి కూర్చుంది. రెండు పగళ్లు ప్రయాణం. ఆ దేశం నైరుతి మూల కొండల్లో చల్లటి ఊరు, దట్టమైన అడవి. అడవి అంచున ఒక సత్రం లాంటి లాడ్జిలో దిగాం. సాయంత్రం గైడు వచ్చి, మర్నాడు అడవికెళ్లే వాళ్లందర్నీ కూర్చోబెట్టి నియమాలు చెప్పాడు. మాతో పాటు అయిదారుగురు తెల్లవాళ్లున్నారు. దగ్గరికి పోకూడదు, కళ్లల్లోకి గుచ్చి చూడకూడదు, పరిగెత్తకూడదు అన్నాడు. చివరగా ఇంకో మాట చెప్పాడు.

"మనకి వచ్చే జలుబు, దగ్గు వాటికి అంటుకుంటే వాటి ప్రాణానికే ప్రమాదం. అందుకని దగ్గే మనిషిని అడవిలోకి తీసుకెళ్లం. పొద్దున బయల్దేరే ముందు అందర్నీ చూస్తాను. దయచేసి నొచ్చుకోవద్దు."

మా ఆయన మొహం చూడాలి అప్పుడు. పరీక్ష హాలు గుమ్మంలో హాల్‌టిక్కెట్టు మర్చిపోయిన పిల్లాడి మొహం. గదిలోకి వచ్చాక "మీరిద్దరూ వెళ్లండి, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఆవిడ ఎలాగూ కొండెక్కలేదు. "మీరు రాకపోతే నాకేం పని అక్కడ? ఆ గొరిల్లాతో నాకేమన్నా చుట్టరికమా?" అన్నాను. అసలు సంగతేమిటని అత్తయ్య అడిగితే, గైడు చెప్పిందంతా తెలుగులో చెప్పాను. అంతా విని తల పంకించింది. "నేను చూసుకుంటాలే" అంది. ఆవిడేం చూసుకుంటుందో అడగాలని నాకు తట్టలేదు.

పొద్దున నేను బూట్లు కట్టుకుని బయటికొచ్చేసరికి, లాడ్జి వాకిట్లో వంటవాడి బొగ్గుల కుంపటి దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఎదురుగా మా ఆయన. ఆయన పక్కన తెల్లవాళ్లంతా వరసగా! ఒకే అడవికి పోయే వాళ్లకి ఒకేసారి దిష్టి తీసేస్తే సరిపోతుందని ఆవిడ ఉద్దేశం. వాళ్లేమో ఇదేదో స్వాగత కార్యక్రమం అనుకుని కెమెరాలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. అత్తయ్య గుప్పిట్లో ఎండు మిరపకాయలు, రాళ్లుప్పు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మిల్లు దిష్టి, తెల్లోళ్ల దిష్టి, నల్లోళ్ల దిష్టి..."

"అత్తయ్యా, వద్దు! ఆగండి!" అని పరిగెత్తాను. ఎక్కడ ఆగుతుంది? మూడుసార్లు తిప్పి, థూ థూ అని, గుప్పెడూ కుంపట్లో పోసేసింది.

మా ప్రాంతంలో దీనికొక లెక్కుంది. నిప్పులో వేసిన మిరపకాయ ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, ఆ దిష్టి పోయినట్టు. ఘాటొస్తే దిష్టే లేనట్టు. ఆ లెక్కన ఆ వాకిట్లో ఏ ఒక్కరికీ దిష్టి లేదు. అమ్మబాబోయ్, ఏం ఘాటు! గుంటూరు కాయ అంటే ఏమిటో ఆ కొండలకి మొదటిసారి తెలిసింది. తెల్లవాళ్లు కెమెరాలు వదిలేసి మెడలు పట్టుకుని దగ్గుతున్నారు. వంటవాడు ఏప్రాన్ మొహాన కప్పుకుని పారిపోయాడు. మా ఆయన నడుం వంచి దగ్గుతున్నాడు. సరిగ్గా అప్పుడే గైడు మెట్లు దిగి వచ్చాడు.

"ఏమిటిది? ఎవరికీ... ఎవరికీ అడవి లేదు!" అని అరవబోయి ఆయన కూడా దగ్గులో పడ్డాడు.

నేను ఇంగ్లీషులో ఉన్నవీ లేనివీ మాటలన్నీ కలిపి చెప్పుకున్నాను. ఇది జబ్బు కాదు మహానుభావా, మా ఊరి మిరపకాయ, మా అత్తగారి ప్రేమ, కాసేపు ఆగితే పోతుంది అన్నాను. గైడు కుంపటి మీద నీళ్లు పోయించి, అందర్నీ దూరంగా గాలి తగిలే చోట నిలబెట్టాడు. అత్తయ్య మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేకుండా "చూశావా, ఒక్కడికి కూడా దిష్టి లేదు" అని సంతోషపడుతోంది. చంపేయాలనిపించింది ఆవిడని.

ఒక్కొక్కళ్ల దగ్గే ఆగుతూ వచ్చింది. నేను మా ఆయన వంకే చూస్తున్నాను. క్వార్టర్సులో అయితే ఒకసారి పట్టుకుంటే గొంతు పూడిపోయేదాకా వదిలేది కాదు. ఇక్కడ నాలుగు దగ్గులు దగ్గి, కళ్లు తుడుచుకుని, నిలబడ్డాడు. అందరితో పాటే ఆగిపోయింది. గైడు మాత్రం ఆయన దగ్గరికే వచ్చాడు. మిరపకాయ దగ్గుకీ ఆయన దగ్గుకీ ఆ చెవికి తేడా తెలిసినట్టుంది. మా ఆయన ఏదీ దాచలేదు. "జలుబు లేదు, జ్వరం లేదు. పత్తి మిల్లులో పని. ఆ దుమ్ముకి దగ్గొస్తుంది. మీరు వద్దంటే ఆగిపోతాను" అన్నాడు. గైడు నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, కళ్లు చూశాడు, గొంతు చూశాడు.

"నా వెనకే నడవండి. దారిలో ఒక్కసారి దగ్గినా అక్కడి నుంచే వెనక్కి."

"ఆయనతో పాటు నేనూ వెనక్కే" అన్నాను నేను.

ఇక ఆ నడక సంగతి. నిట్టనిలువు కొండ, మోకాలి లోతు ఆకులు, వాటి కింద బురద. ముట్టుకుంటే మంటపెట్టే దూలగొండి లాంటి తీగలు. నల్లరేగడిలో పుట్టి పెరిగినదాన్ని, బురద నాకేం కొత్త అనుకున్నాను గానీ, కొండ మీద బురద వేరు. జారి చతికిలబడ్డాను. క్యాలెండరు తయారుచేసినవాణ్ని, మిల్లు యజమానిని, ఆఖరికి గొరిల్లాల తల్లిదండ్రుల్ని కూడా తిట్టాను. మా ఆయన చెయ్యిచ్చి లేపుతూ నవ్వాడు. ఆ నవ్వు చివర దగ్గొస్తుందని బిగుసుకుపోయాను, ఎప్పుడూ అలాగే వచ్చేది. రాలేదు. ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది, అందరికీ వస్తోంది. దగ్గు లేదు. పైకి అంటే ఎక్కడ మొదలవుతుందోనని నోరు మెదపలేదు.

గైడు చెయ్యెత్తాడు. అందరం నక్కి కూర్చున్నాం. ముందు ఒక నల్లటి చెయ్యి కనిపించింది, ఆకుల కొమ్మని వంచుకుంటూ. తర్వాత కొమ్మ పక్కకి జరిగి మనిషి... మనిషనే వచ్చింది నోటికి. పెద్ద మగ గొరిల్లా. నడుం మీద వెండి రంగు బొచ్చు. దాని వెనక తల్లులు, ఒక పిల్ల. గంటసేపు చూడొచ్చని చెప్పాడు గైడు. గంటసేపు! మిగతావాళ్లకి చాలని గంట. నాకు ఎప్పటికి గడుస్తుందా అన్న గంట.

నిజం చెప్తున్నాను, నేను గొరిల్లాల్ని చూడలేదు. చెవులు రెండూ పక్కనున్న మా ఆయనకి అప్పగించి కూర్చున్నాను. ఆయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తున్నాడు. నేను ఆయన ఊపిరి వింటున్నాను.

అప్పుడు వినిపించింది దగ్గు. లోపలి నుంచి, పొట్ట అడుగు నుంచి, బరువుగా రెండుసార్లు.

అయిపోయింది అనుకున్నాను. ఇక్కడి నుంచి దిగి వెళ్లడం ఒక లెక్క కాదు. ఇంత గాలిలో, ఇంత పచ్చదనంలో, నూగు పోగు లేని చోట కూడా వచ్చిందంటే అది దుమ్ము దగ్గు కాదు. మామగారి దగ్గే. ఆయన మోకాలు గట్టిగా పట్టుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే ఆయన మొహంలోకి చూశాను.

ఆయన కళ్లు ఇంతింత చేసుకుని, అడ్డంగా తలూపుతున్నాడు. "నేను కాదు" అని చేత్తో సైగ చేశాడు. తర్వాత వేలితో ముందుకి చూపించాడు.

ఆ పెద్ద గొరిల్లా మళ్లీ దగ్గింది.

గైడు మెల్లగా చెప్పాడు. "ఎవరో ముందుకి జరిగారు. వెనక్కి పొమ్మని అలా దగ్గి గద్దిస్తున్నాడు." తెల్లాయన ఒకడు కెమెరాతో పాటు గబగబా వెనక్కి జరిగాడు. గొరిల్లా ఇక మమ్మల్ని పట్టించుకోకుండా ఆకులు తినడంలో పడింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే గద్దిస్తాడని చీర కొంగు లేదు గనక స్వెట్టరు చెయ్యే నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి. ఆ తర్వాతే నేను కళ్లు తెరిచి గొరిల్లాల్ని చూశాను. పిల్ల తల్లి పొట్ట మీదెక్కి జారుతోంది. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను.

గంట అయిపోయింది. ఆయన దగ్గలేదు.

కిందికి వచ్చేసరికి అత్తయ్య లాడ్జి గుమ్మంలోనే ఉంది. "ఏమే, దగ్గాడా?"

"దగ్గింది ఆ కోతి అత్తయ్యా, మీ అబ్బాయి కాదు."

"నా మిరపకాయలే!" అంది. ఒప్పుకున్నాను, ఏం పోయింది?

తిరుగు ప్రయాణంలో, వ్యాను కొండలు దిగుతుండగా, మా ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "ఊరెళ్లగానే ఎక్స్‌రే తీయిద్దాం." నేను అడగలేదు. తనంతట తనే అన్నాడు. నాకు ఆ మాటతోనే సగం బరువు దిగింది. క్వార్టర్సులో మిగిలిన ఆ కొద్ది రోజులూ ఆయన్ని మిల్లు లోపలికి అడుగు పెట్టనివ్వలేదు, కిటికీలు తీయనివ్వలేదు.

ఊరొచ్చిన వారంలోపే గుంటూరులో బస్సు దిగి, ఆటోలో డాక్టర్లుండే బ్రాడీపేట వెళ్లాం. అత్తయ్య లోపలికి రానని బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరుగారు ఎక్స్‌రేని లైటుకి పెట్టి చాలాసేపు చూశారు. "మచ్చలేం లేవమ్మా. ఊపిరి గొట్టాలు దుమ్ముకి వాచినట్టున్నాయి. ఆ మిల్లు పని మానేయాలి, అంతే" అన్నారు. ఇంకోసారి చెప్పమని అడిగాను. చెప్పారు. తర్వాత మా ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, "ఏదీ, ఒకసారి గట్టిగా దగ్గండి" అన్నారు.

మా ఆయన గొంతు సవరించాడు. ఊపిరి పీల్చాడు. "హుఁ" అన్నాడు. ఇంకోసారి "హుఁ" అన్నాడు.

"దగ్గమంటుంటే?" అన్నారు డాక్టరుగారు.

మా ఆయన బిక్కమొహం వేసి నా వంక చూశాడు. "రావట్లేదండీ."

అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎన్నాళ్ల నుంచి దాచుకున్న ఏడుపో, భోరుమన్నాను. డాక్టరుగారు కంగారుపడి నర్సుని పిలిచారు. బయట నా ఏడుపు విని అత్తయ్య గుండెలు బాదుకుంటూ తలుపు తోసుకుని వచ్చింది. "అయ్యో నా కొడకా! ఏమయిందే, ఏమన్నారే?"

"దగ్గు రావట్లేదంట అత్తయ్యా" అన్నాను, వెక్కుతూనే.

ఆవిడ అలాగే నిలబడి నన్నూ, కొడుకునీ మార్చి మార్చి చూసింది. "మరి దానికి ఏడుస్తావేమే పిచ్చిమొహమా" అని, నా పక్కన కూర్చుని తనూ మొదలెట్టింది.