మల్లేశ్వరి చూసిన ఎరుపు

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఎనిమిదేళ్లు కమీషన్ కొట్టు నడిపిన పానకాలుకి బొమ్మలంటే గోడ మీది క్యాలెండరే. అలాంటి మనిషి అరవై నాలుగేళ్ల వయసులో మైనంతో బొమ్మలేస్తున్నాడంటే యార్డంతా ఒకటే నవ్వు. నవ్వనీ! వాళ్లకేం తెలుసు?

భార్య మల్లేశ్వరికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కొట్టు మూసేసి ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. పెడితే తినేది, అంతే. కళ్లు తెరిచే ఉండేవి గానీ ఎవరినీ చూసేవి కావు.

ఓ తుఫాను మధ్యాహ్నం కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించి ప్లైవుడ్ చెక్క మీద పెట్టాడు. ఆ చెక్క మీద శాంపిల్ కారం ఒలికి ఉంది. మైనం కారి, కారంతో కలిసి ఎర్రగా పాకింది. తుడవబోయి వేలితో అటూ ఇటూ రాశాడు. ఎందుకో చెయ్యి ఆగలేదు. ఇంకో కొవ్వొత్తి పొయ్యి మీద కరిగించి కారం కలిపాడు.

ఘాటుకి ఇల్లంతా దగ్గు. మల్లేశ్వరిని చూసుకునే లక్ష్మీదుర్గ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఇదేం పనండీ బాబాయి గారూ! మమ్మల్ని బతకనిస్తారా లేదా?"

పొయ్యి పెరట్లోకి మార్చాడు. పొర మీద పొర, నెల పట్టింది. చెట్టు లేదు, మనిషి లేడు, అంతా ఎరుపే. మంచానికి ఎదురుగా మేకుకి తగిలిస్తే మల్లేశ్వరి చూపు దాని మీద వాలి అక్కడే నిలిచింది. బాగున్న చెయ్యి కాస్త లేచింది. పానకాలు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏప్రిల్ ఎండలకి ఎరుపు పాలిపోవడం మొదలెట్టింది. మిర్చివాడి కన్ను కదా, ముందే పసిగట్టింది. రంగు నిలవాలంటే మిర్చివాడికి తెలిసిన మందు ఒక్కటే, కోల్డ్ స్టోరేజీ. గోనెపట్టాలో చుట్టి అక్కడి సూపర్‌వైజర్ నాగూర్ వలికి అప్పజెప్పాడు.

మల్లేశ్వరి పది రోజులు ఖాళీ మేకు కేసే చూసింది.

"వచ్చుద్దిలే మల్లీ, జూన్లో వచ్చుద్ది" అనేవాడు. పదకొండో రోజు నుంచి ఆమె చూపు మళ్లీ ఎటూ లేదు.

జూన్లో పట్టా విప్పితే చలికి బిగిసిన మైనం పెళుసెక్కి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. చెక్క బోసిగా మిగిలింది.

"నేను చెయ్యి కూడా వెయ్యలేదండీ" అన్నాడు నాగూర్ వలి.

నిజమే పాపం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మిర్చి వేరు, మైనం వేరు అన్న ముక్క అన్నేళ్లు వ్యాపారం చేసిన బుర్రకి తట్టలేదు!

ఆ పెచ్చులే కరిగించి మళ్లీ వేశాడు. తర్వాత కొత్త కారంతో మరో మూడు వేశాడు. ఒక్కోటీ మేకుకి తగిలించి ఆశగా చూసేవాడు. ఆమె చూడలేదు. చివరిదాన్ని రెండు చేతులా పట్టుకుని ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు.

"చూడు మల్లీ, అదే ఎరుపు."

మల్లేశ్వరి దాన్ని ఒక్క క్షణం చూసింది. కళ్లు మూసుకుంది. అది నిద్ర కాదని, వద్దనడమేనని పానకాలుకి తెలుసు.