మరుగుజ్జు వంతు

కరీమున్‌కి నోరెక్కువని ఊరంతా అంటుంది. నిజమే, కాదనడానికేం లేదు. ఆ నోరే లేకపోతే మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లకి అన్ని వేసవులు ఎలా గడిచేవో ఎవరైనా చెప్పమనండి చూద్దాం!

ఘాటుకి ముక్కులు కారుతూ, వేళ్లు భగ్గుమంటూ ఎర్రటి రాశి చుట్టూ కూర్చున్నవాళ్లకి ఆమె కారాసురుడి కథ ఎత్తుకునేది. లోకంలో నీళ్లన్నీ తాగేసి భూమిని ఎండగట్టాలని చూసే రాక్షసుడు వాడు. వాడి గొంతు కరీమున్‌ది. ముఠాలోకి కొత్తగా ఎవరొచ్చినా వాడి మీదికి కథలోకి ఒకర్ని తేవాలి. తెచ్చినవాళ్లే ఆ ఒకరి మాట చెప్పాలి. అదీ కట్టుబాటు. నజీరా జిన్నుని తెచ్చింది. ఆరాధన రెక్కల దూతని దింపింది. ఇంకొకావిడ నాగకన్యని పట్టుకొచ్చింది. జిన్నుకీ నాగకన్యకీ క్షణం పడేది కాదు, మంచినీళ్ల బిందె దగ్గర వాళ్లని తెచ్చిన ఇద్దరు ఆడవాళ్లకీ పడనట్టే. రాక్షసుడు మీదికొస్తే మాత్రం అందరూ ఒక్కటయ్యేవాళ్లు.

పుల్లమ్మ మరుగుజ్జుని తెచ్చింది.

"వేలెడంత లేడు, వీడేం చేస్తాడే?" అని అందరూ పడీపడీ నవ్వారు.

"ఆఖరి రాశి దాకా ఆగండర్రా," అంది పుల్లమ్మ.

ఆఖరి రాశి రోజున మరుగుజ్జు రాక్షసుడి భుజమెక్కి, "నీ కారం నువ్వే తిను!" అని కళ్లలో మిరపగింజలు కొట్టాడు. ఇక ఏటా అంతే. కారాసురుడు కోతలకి లేచేవాడు, ఆఖరి రాశికి చచ్చేవాడు. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఇప్పటి పిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి లోకంలో వాళ్లుంటారు. పాతవాళ్లే ఇంకా ఒక రాశి దగ్గర చేరతారు.

ఈ ఏడు పుల్లమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మళ్లీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు బ్రాడీపేట డాక్టరు గారు. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకుంటోంది, ఎవరి మొహమూ చూడదు.

కల్లంలో ఆఖరి రాశి పోశారు.

"మరుగుజ్జు మాట నువ్వే చెప్పెయ్ వదినా," అంది నజీరా.

కరీమున్ కస్సుమంది. "దాని నోరు పోయిందని దాని వంతు నేను లాక్కోనా? చచ్చినా చెప్పను!"

గుప్పెడు కాయలు కొంగున కట్టుకుని తిన్నగా పుల్లమ్మ ఇంటికెళ్లింది.

"ఎవరొచ్చినా ఇటు తిరగట్లేదు పిన్నీ," అంది కోడలు స్తుతి. కరీమున్ వింటేగా! కాయలు మంచం మీద పోసి, కింద చతికిలబడి, తొడిమలు తీస్తూ కథ మొదలెట్టింది. జిన్ను ఓడిపోయింది. దూత రెక్కలు కాలాయి. నాగకన్య సొమ్మసిల్లింది. కారాసురుడు ఆఖరి బిందె ఎత్తాడు.

"ఇంకెవరైనా ఉన్నారా నా మీదికొచ్చేవాళ్లు?"

పుల్లమ్మ కదల్లేదు. కరీమున్‌కి భయమేసింది. ఇన్నేళ్ల స్నేహం ఇలా గోడకి తిరిగి అయిపోతుందా?

"ఎవరూ లేరా?" ఈసారి అది రాక్షసుడి గొంతులా లేదు.

మంచం కిర్రుమంది. పుల్లమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఎడమచేత్తో ఒక కాయ తడిమి, బొటనవేలితో తొడిమ తుంచి, గుప్పిట్లో నలిపి సూటిగా కరీమున్ మొహాన కొట్టింది. నోరు ఒక పక్కకే నవ్వింది.

"చచ్చాన్రోయ్!" అని కరీమున్ వెల్లకిలా పడింది. కొత్తవాళ్లకి జీవితమంతా వద్దని చెప్పిన పనే, కాయలు పట్టుకున్న చేత్తో కళ్లు నులుముకుంది. స్తుతి నీళ్లచెంబుతో పరుగెత్తుకొచ్చింది.

"ఉండమ్మా, చచ్చినవాడు అప్పుడే లేవకూడదు," అంది కరీమున్ కళ్లు మూసుకునే. "వచ్చే కోతలకి నేను లేస్తా. నువ్వూ లేవాలే పుల్లమ్మా. నన్ను చంపడానికి ఇంకెవరున్నారే నాకు?"