పెద్దమ్మ దగ్గితే

మా పెద్దమ్మ ఇక లేదన్న కబురు కోదాడలో, నేను బడికి బయలుదేరుతుండగా అందింది. ఫోన్ చేసింది రూతు. మిర్యాలగూడలో పెద్దమ్మ వెళ్లే సంఘంలోనే పెరిగి, బైబిలు కాలేజీలో చదువుకొచ్చిన అమ్మాయి. "అక్కా, పెద్దమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. పొద్దుగాల నిద్రలనే..." అని చెప్పింది. "అయ్యగారు నన్నే వాక్యం చెప్పమంటున్నరు. నాతోని అయితదా అక్కా" అంది. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే అంటాం; వాక్యం చెప్పడమంటే బైబిలు మీద ప్రసంగించడం. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో కూర్చున్నాక ఏడుపు తన్నుకొచ్చింది. దాని వెనకే చిన్న నవ్వూ వచ్చింది. రూతుకు ఆ పని అంటగట్టింది పెద్దమ్మేనని నాకు తెలుసు.

మాది సూర్యాపేట పక్కన చివ్వెంల. హైస్కూలు చదువుకు అమ్మ నన్ను తన అక్క దగ్గర ఉంచింది. పెద్దమ్మ సర్కారు బడిలో పంతులమ్మ. అన్నానికి ముందు ఒక అధ్యాయం పైకి చదవాలని ఆమె ఇంట్లో కట్టడి. వంశావళులు వచ్చినప్పుడు ఆకలికి ఆగలేక నేను నాలుగైదు పేర్లు దూకేసేదాన్ని. వెంటనే వంటింట్లోంచి దగ్గు వినిపించేది. అది జలుబు దగ్గు కాదని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. "ఆళ్ల పేర్లు దేవునికి యాదికున్నయి, నీకేమైంది? మల్ల సదువు" అనేది. ఇప్పుడు నా తరగతిలో హాజరు పిలిచేటప్పుడు ఒక్క పేరు కూడా మింగకుండా పలుకుతాను. అది ఆమె పెట్టిన భిక్షే.

మందిరంలోనూ ఆ దగ్గే. కిటికీ పక్కన చాప మీద కూర్చునేది. వాక్యం చెప్పేవాళ్లు చదివిన బైబిలు భాగం వదిలేసి సొంత గొప్పల్లోకో, పక్క సంఘం మీద చాడీల్లోకో జారారంటే, కళ్లు పుస్తకం మీదే ఉంచి ఒకసారి దగ్గేది. బయటి ఊళ్ల నుంచి వచ్చే ప్రసంగీకులను అయ్యగారు ముందే హెచ్చరించేవారట. యువకులు బయట గోడకు పెద్ద మైకు కడతామన్నప్పుడు కూడా ఆమే అడ్డుపడింది. "దేవునికి చెవుడు లేదు బిడ్డా. పక్కింటి పిల్లలకు పరీక్షలున్నయి."

రూతు చదువు ముగించి రాగానే సంఘంలో పెద్ద తగవు లేచింది. ఆదివారం ఆరాధనలో ఆడపిల్ల వాక్యం చెప్పవచ్చా? కూడదన్న పక్షానికి నాయకురాలు ఎవరనుకున్నారు, మా పెద్దమ్మే. "ఆడోళ్లకు చెప్పు, పిల్లలకు చెప్పు, ఇల్లిల్లు తిరిగి చెప్పు. పుల్పిట్ ఎక్కుడు మాత్రం వద్దు" అని ప్రసంగ వేదికను చూపిస్తూ రూతు ముఖం మీదే అనేసింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఊరుకోలేక, ప్రభువు లేచాడని ఖాళీ సమాధి దగ్గర్నుంచి మొదటి వార్త మోసింది ఆడవాళ్లే కదా అని వాదించాను. "మోసిన్రు. పుల్పిట్ ఎక్కి మాత్రం చెప్పలే" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

ఆమె మనసు మార్చింది నేను కాదు, ఎన్నికలు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఒక అభ్యర్థి అనుచరులతో వచ్చాడు. రేకుల కప్పు తీయించి స్లాబు వేయిస్తానన్నాడట. అయ్యగారు మొహమాటస్తుడు, పుల్పిట్ దగ్గరికి పిలిచి మైకు చేతికిచ్చారు. ఆయన బూట్లతోనే ఎక్కి, మీ ఓట్లన్నీ గంపగుత్తగా నాకే అని మొదలుపెట్టాడు. పెద్దమ్మ దగ్గింది. ఆయనకు ఆ భాష తెలియదు కదా, ఇంకా గట్టిగా అందుకున్నాడు. అప్పుడు లేచి నిలబడింది.

"అయ్యా, జర దిగి గీడ కూసోండ్రి. మీ కోసం ప్రార్థన చేస్తం. మీ మీద నిలబడ్డోని కోసం గూడ చేస్తం. ఓటు మాత్రం ఎవరిది వాళ్లు ఏస్తరు."

ఆయన నవ్వి దిగాడు. స్లాబు ఇప్పటికీ రాలేదు. వాన పడితే రేకుల చప్పుడుకు ప్రసంగం ఆపి కూర్చుంటాం.

ఆ వారమే పెద్దల కూటానికి పిలవకుండానే వెళ్లి కూర్చుందట. "పుల్పిట్ పవిత్రమని అన్నది నేనే. ఓట్లడిగెటోనికి మైకు ఇచ్చినం, వాక్యం సదివిన పిల్లకు ఇయ్యమా? నా మాట నేను ఎనక్కి తీసుకుంటున్న" అంది. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. తాను గట్టిగా పట్టుకున్న మాట తప్పనిపించినప్పుడు నలుగురి ముందు వదిలేయడం నేర్పింది మాత్రం ఆమె ఒక్కతే.

సంఘ పెద్దల్లో పెద్దాయన, బియ్యం మిల్లులో గుమస్తాగా చేసి మానుకున్న మనిషి, ఒప్పుకోలేదు. "ప్రార్థన చేద్దామమ్మా" అన్నాడు. మా సంఘంలో ఆ మాటకు వాయిదా అని అర్థం. పెద్దమ్మ అప్పట్నుంచి ఆయన ఎక్కడ ఎదురుపడినా, కూరగాయల మార్కెట్లో అయినా సరే, "అయ్యిందా అన్నా ప్రార్థన?" అని అడిగేది. ఆయన సందులు మార్చి నడిచేవాడు.

చివరిసారి దవాఖానలో ఉన్నప్పుడు అయ్యగారినీ పెద్దాయననూ పిలిపించుకుంది. "నా పెట్టె ముంగట రూతు వాక్యం చెప్పాలె. పుల్పిట్ మీదికెల్లి. సచ్చినోళ్ల మాట గూడ వాయిదా ఏస్తరా?" పక్కనే ఉన్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అయ్యగారు తలూపారు. పెద్దాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

మందిరం నిండిపోయింది. పెద్దమ్మ వల్ల మైకు గోల తప్పిన పక్కింటివాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. పుల్పిట్ ముందు పెద్దమ్మ పెట్టె. పెద్దాయన ముందు వరుసలో చేతులు కట్టుకుని ఉన్నాడు. లేచి వెళ్లిపోతాడేమోనని ఆయన వైపే చూస్తున్నాను. రూతు ఎక్కింది. అయ్యగారు వచ్చి మైకును ఆమె ఎత్తుకు దించారు. పునరుత్థాన భాగం చదివి, మొదట్లో తడబడినా తర్వాత నిలదొక్కుకుంది. కానీ కాసేపటికి ఏడుపుతో పాటు పెద్దమ్మ మీద పొగడ్తలు మొదలయ్యాయి. అట్లాంటి మనిషి లేదు, ఇక పుట్టదు, ఆమె లేకపోతే ఈ సంఘమే లేదు...

ముందు వరుసలోంచి ఒక దగ్గు వినిపించింది.

అందరం ఉలిక్కిపడి చూశాం. పెద్దాయన. కళ్లు పైకెత్తలేదు. ఒళ్లో బైబిలు తెరుచుకుని ఉంది, రూతు చదివిన పేజీ దగ్గరే. రూతు అటు చూసింది, పెట్టె వైపు చూసింది. కన్నీళ్లతోనే నవ్వి, వదిలేసిన వచనం మీద మళ్లీ వేలు పెట్టింది.