యారాడలో అడ్మిషన్ వేలం

ఆ రోజుల్లో వేసవి సెలవులు పిల్లలకే గాని, వాళ్ళకు పాఠాలు చెప్పేవాళ్ళకు కాదన్న సంగతి నాకు తెలియదు. గాజువాకలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా కొత్తగా చేరాను. పరీక్షలవగానే మా ప్రిన్సిపాల్ పాంప్లెట్ల కట్ట చేతిలో పెట్టి, "ఒక్క అడ్మిషనైనా తెస్తేనే జూన్‌లో ఉంటావు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు. (నా ఇష్టం ఎవరడిగారు?) గాజువాకలో ఏ గుమ్మం తొక్కినా అప్పటికే ఇంకో స్కూలు మాస్టారు వచ్చి వెళ్ళాడనేవారు. చివరికి కొండ దాటి యారాడ వెళ్ళాను.

అక్కడ ఒకావిడ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఒకటో తరగతిలో చేర్చాల్సిన కూతురుందని తెలిసి అరుగు మీద కూర్చున్నాను. అంతలో ఆ ఊరి సర్కారు బడి మేడమ్ వచ్చి పక్కనే కూర్చుంది. పిల్లలు తగ్గితే బడి మూసేస్తారని ఆవిడా నాలాగే ఇల్లిల్లూ తిరుగుతోంది. చేపలావిడ మా ఇద్దర్నీ చూసి చేతులు దులుపుకుంది.

"ఇద్దరొచ్చారు కదా, పాట ఎట్టేద్దాం. ఎవులేటిత్తారో సెప్పండి" అంది. రోజూ రేవులో చేపలు వేలం వేసే మనిషి మరి.

మేడమ్ మధ్యాహ్న భోజనం, గుడ్డు అంది. నేను కంప్యూటర్లన్నాను. మేడమ్ పుస్తకాలు, బూట్లు ఉచితమంది. నాకు చెమటలు పట్టాయి.

"మీ బస్సు ఈడికొత్తాదేటి?" అని చేపలావిడ అడిగితే తలూపాను. "ఊరికేనే?" దానికీ ఊపాను. (తల్లిదండ్రులు ఏం మాట్లాడినా తలూపడం మా స్కూల్లో మొదట నేర్పే విద్య.)

"అయితే పాట నీదే బాబూ" అందావిడ. రేవులో తలూపితే మాటిచ్చినట్టేనని మేడమ్ నవ్వాపుకుంటూ చెప్పింది.

ప్రిన్సిపాల్ విని, "ఒక్క పిల్లకోసం కొండెక్కి దిగే బస్సా, అదీ ఉచితంగానా?" అని, నా జవాబు కోసం ఆగకుండా జూన్ నుంచి రావద్దన్నాడు. మర్నాడు మళ్ళీ యారాడ వెళ్ళాను.

"బస్సు రాదు పిన్నీ. నా ఉద్యోగమూ పోయింది" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ కోప్పడలేదు. "బస్సు నీ సేతిలో లేదు, సదువుందిగా. పిల్ల మేడమ్ బడికే ఎల్తాది. సాయంత్రాలు నువ్వొచ్చి లెక్కలు సెప్పు. పాట పాడేసి ఉత్తినే ఎల్లిపోతానంటే అవ్వదు" అంది.

వేరే ఉద్యోగం దొరికినా ఆ ఏడాదంతా సాయంత్రాలు యారాడ బస్సెక్కాను. ఇప్పుడు మా అమ్మాయిని ఏ స్కూల్లో చేర్చాలో తేలక నేనూ మా ఆవిడా తలలు పట్టుకుంటున్నాం. పాంప్లెట్లు పట్టుకుని మా ఇంటికొచ్చే మాస్టార్లను ఏసీ గదుల గురించి, ర్యాంకుల గురించి తెగ అడుగుతున్నాం. మాట తప్పాల్సొస్తే ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ మా గుమ్మానికొస్తారా అని మాత్రం అడగలేకపోతున్నాం. ఆ చెమటలు పట్టిన కుర్ర మాస్టారు గుర్తొస్తే నవ్వొస్తుంది. మా అమ్మాయికి అలాంటివాడు దొరికితే బాగుండుననీ అనిపిస్తుంది.