కాకి ముట్టిన పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా పెరట్లో కాకి కనపడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. మాది కొల్లేటి అంచున ఊరు. వానాకాలం సరస్సు పొంగితే మా చేలగట్ల దాకా నీళ్ళొచ్చేవి. నీళ్ళతోపాటు చేపలూ, చేపల కోసం కాకులూ వచ్చేవి. ఆ కాకుల్లో ఏదో ఒకటి నెలనెలా వచ్చి మా అమ్మనో, మా పెద్దమ్మనో ముట్టుకుని పోయేదట. మా నాయనమ్మ చెప్పేది. "మీ పెద్దమ్మని కాకి ముట్టింది, దగ్గరికెళ్ళకు" అనేది. ఇక మూడు రోజులు పెద్దమ్మ గొడ్ల సావిడి పక్కనున్న తాటాకు పాకలో ఉండాల్సిందే. ఆవిణ్ణి ఎవరూ తాకకూడదు, ఆవిడ వంటింటి గడప తొక్కకూడదు. నాలుగో రోజు తలస్నానం చేసి మళ్ళీ ఇంట్లోకి వచ్చేది.

అప్పట్లో పిల్లల ముందు ముట్టు అనే మాట ఎత్తడానికి సిగ్గుపడి ఆ నెపం కాకి మీద పెట్టేవాళ్ళు. నేను అక్షరాలా నమ్మాను. ఇంతమంది ఆడవాళ్ళలో మా పెద్దమ్మే దొరికిందా ఈ పాడు కాకికి అని ఏడ్చేదాన్ని.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య, ఆ ఇంటికి పెద్ద కోడలు. ఆవిడకి పిల్లలు దక్కలేదు, అందుకని నేనే ఆవిడ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. తిరిగేదాన్ని అని ఊరికే అనడం లేదు. ఆవిడ ఒకచోట నిలిస్తే కదా! తెల్లారకముందే పేడ తీసి, కళ్ళాపి చల్లి, పాలు పితికి, కాలువ నుంచి నీళ్ళు మోసి, పాలేళ్ళకి చద్దన్నాలు పెట్టి, మళ్ళీ పొయ్యి రాజేసేది. ఊడ్పులొస్తే కూలీలందరికీ వండాలి, కోతలొస్తే మళ్ళీ వండాలి. మా అమ్మ చిన్న కోడలు, ఆవిడా చేసేది, కానీ బరువంతా పెద్దమ్మదే. మా నాయనమ్మ పీట మీద కూర్చుని తాళంచెవులు చూసుకునేది. పెద్దమ్మ కూర్చోగా నేను చూసింది ఆ పాకలోనే.

ఒకరోజు నేనొక నిర్ణయానికొచ్చాను. ఇక ఏ కాకినీ మా పెద్దమ్మ దగ్గరికి రానివ్వకూడదు. ఒక తాటిమట్ట పట్టుకుని, ఆవిడ గిన్నెలు తోముతుంటే చుట్టూ తిరుగుతూ కనపడిన కాకినల్లా తరిమాను. చెయ్యి పడిపోయేలా తరిమాను. ఆవిడ బూడిద చేతులతో నావైపు చూసి, సంగతి కనుక్కుని, పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా! వాటిని తోలేస్తావేంటే? రానీవే తల్లీ. ఆ కాకి వస్తేనే కదా నా నడుం చాప మీద వాలేది" అంది. నాకు భలే రోషమొచ్చింది. నేనింత కష్టపడి కాపలా కాస్తుంటే ఈవిడేమో దొంగని ఇంట్లోకి పిలుస్తోంది! తాటిమట్ట విసిరికొట్టి వెళ్ళిపోయాను. కానీ ఆ మాట మాత్రం మనసులో పడిపోయింది. మైల అని అందరూ మొహం తిప్పుకునే ఆ మూడు రోజులే మా పెద్దమ్మకి ఉన్న సెలవని ఆ వేళ నాకు మొదటిసారి తెలిసింది.

ఆవిడకి యాభై దగ్గర పడుతుండగా ఏదో మారింది. చలికాలం మేమంతా దుప్పట్లు కప్పుకుని మంట దగ్గర చేరితే, ఆవిడ వీధరుగు మీద విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేది. ఉన్నట్టుండి మొహం ఎర్రబడి, మెడ మీద చెమటలు పోసేవి. ఒళ్ళంతా సెగలు కమ్ముతున్నాయనేది. గుండె దడదడలాడుతోందనేది. రాత్రుళ్ళు కన్ను మూతపడేది కాదట. మోకాళ్ళు పట్టేసి, బిందె ఎత్తేటప్పుడు గోడ ఆసరా పట్టుకునేది. ఒకసారి ఆవకాయ జాడీ మూత పగిలిందని వెక్కివెక్కి ఏడ్చింది. ఎప్పుడూ ఏడవని మనిషి! మా నాయనమ్మ చూసి, "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంది ఒకసారి. ఇంకోసారి, "వయసు మీరాక ఈ వగలేమిటమ్మా" అంది. అంతటితో మా ఇంట్లో వైద్యం అయిపోయింది. నాయనమ్మకీ ఆ వయసు వచ్చే ఉంటుంది, ఆ సెగలు ఆవిడా పడే ఉంటుంది. అయినా అలాగే అంది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. అననివ్వండి, నేను తిట్టుకుంటూనే ఉంటాను.

ఆడదానికి ముట్లుడిగే కాలం అది. పెద్దమ్మకి అప్పటికే నెలసరి ఆగిపోయింది. ఎప్పుడూ లేనంతగా ఒళ్ళు కూలబడిపోయిన రోజుల్లోనే ఉన్న ఆ కాస్త సెలవూ పోయింది. ఇవన్నీ నాకు పెద్దయ్యాక అమ్మ చెప్పింది. అప్పుడు నాకు తెలిసిందల్లా పెద్దమ్మ ఎప్పటిలాగే నెలనెలా పాకలోకి వెళుతోందనే. అన్నం నేనే పట్టుకెళ్ళి ఎడంగా పెట్టేదాన్ని. ఆవిడ ఛాతీ మీద తడిగుడ్డ వేసుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూ ఉండేది. లేచాక, ఈసారి కాకి ఎక్కడ ముట్టిందని అడిగేదాన్ని. ఒకసారి భుజం చూపించింది, ఒకసారి పాదం చూపించింది. ఓసారి మాత్రం అటూ ఇటూ చూసి, "ఈసారి కాకి నన్ను ముట్టుకోలేదే, నేనే వెళ్ళి కాకిని ముట్టుకున్నాను. ఎవరితో అనకేం" అని కళ్ళు చికిలించి నవ్వింది. నాకు అర్థం కాలేదు, కానీ ఎవరితోనూ అనలేదు. ఆ నవ్వు చూస్తే అనబుద్ధి కాలేదు.

మా అమ్మకి ఆ గుట్టు తెలుసు. తెలిసే పెద్దమ్మ పని కూడా తన నెత్తిన వేసుకుని, నోరు మెదపకుండా చేసేది. "అక్క నిద్రపోతోంది, అల్లరి చెయ్యకు" అని నన్ను కసిరేది. ఏడాది పైనే అలా సాగింది.

అది బయటపడింది ఎవరి చాడీల వల్లో కాదు, ఒక మెచ్చుకోలు వల్ల. బయట ఉన్నప్పుడు కట్టిన చీరలు చాకలావిడే తీసుకెళ్ళి ఉతికి తేవాలి. ఆవిడకి పెద్దమ్మంటే ప్రాణం. ఒకరోజు మూట దించి, మా నాయనమ్మతో, "ఎంతైనా మీ పెద్ద కోడలుగారంత పొందికైన మనిషిని నేను చూళ్ళేదండి అమ్మగారూ. ఏ నెల చూసినా చీర మీద చుక్క మరకుండదండి" అంది. పొగిడాననుకుని సంబరంగా వెళ్ళిపోయింది పాపం. మా నాయనమ్మ మూటలోంచి చీర తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ మడిచి పెట్టింది.

ఆ మధ్యాహ్నం పెదనాన్న, నాన్న భోజనాలకి కూర్చున్నారు, అరుగు మీద పాలేళ్ళు తింటున్నారు. పెద్దమ్మ వడ్డిస్తోంది. అందరూ వినేలా మొదలుపెట్టింది మా నాయనమ్మ. "ఒరే, నీ పెళ్ళానికి ముట్లుడిగి ఏడాది దాటిందిరా. నెలనెలా పాకలో కూర్చోబెట్టి మనం మహారాణిలా మేపుతున్నాం!" అంది. పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మగవాళ్ళ ముందు, పాలేళ్ళ ముందు అనే మాటలా అవి? పెదనాన్న తలెత్తి భార్య మొహంలోకి చూశాడు. ఏమ్మా, అంత అలిసిపోయావా అని అడగొచ్చు. పోనీ, తల్లిని ఊరుకోమనొచ్చు. "నిజంగానా?" అన్నాడు, అంతే. పెద్దమ్మ అవునని తలాడించింది. ఆయన పప్పు కలుపుకున్నాడు. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ తర్వాత మా ఇంట్లో అదొక వేళాకోళమైపోయింది. పెద్దమ్మ నడుం పట్టుకుంటే, "ఏం, కాకొచ్చిందా?" అనేది నాయనమ్మ. సెగలు కమ్మినా, కళ్ళు తిరిగినా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి కదలడం మానేసింది. నాతో నవ్వడం కూడా తగ్గిపోయింది. కాకిని తరిమింది నేను కాదు, కానీ నిజంగానే అది మా పెద్దమ్మని వదిలి వెళ్ళిపోయింది.

రెండేళ్ళు గడిచాక ఒక ఊడ్పుల కాలంలో పెద్దమ్మ మళ్ళీ పాకలోకి వెళ్ళి కూర్చుంది. "అత్తయ్యగారూ, మళ్ళీ కనపడిందండి" అంది. నాయనమ్మ గుమ్మంలోంచే, "చాల్లే నాటకం, లే. కూలీలకి అన్నాల టైమవుతోంది" అంది. పెదనాన్న మళ్ళీ ఆ ఒక్క మాటే అన్నాడు, నిజంగానా అని. పెద్దమ్మ ఎవరి మొహమూ చూడకుండా లేచి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ముదురు రంగు చీరలే కట్టేది. మైల బట్టలు చాకలావిడకి వేయకుండా, ఎవరూ లేనప్పుడు కాలువ రేవులో తనే ఉతుక్కునేది. ఒకప్పుడు లేని మరక ఉందని చెప్పిన మనిషి, ఇప్పుడు ఉన్న మరక దాచుకోవాల్సి వచ్చింది.

ఒకరోజు రేవులో అమ్మ చూసేసింది. చీర చుట్టూ నీళ్ళు ఎర్రగా ఉన్నాయట. ఆ సాయంత్రం ఎప్పుడూ లేనిది అమ్మ పెదనాన్న ఎదురుగా నిలబడి, "బావగారండీ, అక్కని ఏలూరు తీసుకెళ్ళాలండి" అంది. ఆయన కోతలయ్యాక చూద్దామన్నాడు. కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. అప్పుడు అమ్మ నాన్నతో పోట్లాడి, తనే వెంట వెళ్ళి పడవ మీద ఏలూరు తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ చూసి, చేతులు కడుక్కుంటూ అమ్మని కేకలేసిందట. "ముట్లు ఆగిపోయిన మనిషికి మళ్ళీ రక్తం కనపడితే ఆ వారమే తీసుకురావద్దా? ఇన్ని నెలలు ఏం చేస్తున్నారు?" అందట. గర్భసంచిలో రాచపుండు, అదే క్యాన్సరు. మద్రాసు తీసుకెళ్ళినా ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదని చెప్పేసింది. తిట్లన్నీ తిన్నది మా అమ్మ. తినాల్సినవాళ్ళు ఇంటి దగ్గర ధాన్యం కొలిపించుకుంటున్నారు.

తిరిగొచ్చాక పెద్దమ్మ తన పక్క పాకలోనే వేయమంది. ఇంట్లో అందరూ వద్దన్నారు, ఊళ్ళో ఏమనుకుంటారని. ఆవిడ వినలేదు. వేసవంతా అక్కడే పడుకుంది. ఎవరూ లేపలేదు, ఎవరూ పని చెప్పలేదు. మా నాయనమ్మే స్వయంగా జావ కాచి పట్టుకెళ్ళేది, పక్కన పెట్టి వచ్చేసేది. నేను పక్కన కూర్చుని విసిరేదాన్ని. అప్పటికి నాకు కాకి సంగతి తెలిసే వయసొచ్చింది. పెద్దమ్మ ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నీకు ఒంట్లో బాగోకపోతే బాగోలేదని చెప్పవే. కాకిని, గద్దని అడ్డం పెట్టుకోకు. నేను పెట్టుకుని చెడ్డాను" అంది. నువ్వు చెడలేదు పెద్దమ్మా, నిన్ను చెడగొట్టారు అనాలని ఉంది నాకు. అనకుండా విసనకర్ర ఇంకాస్త గట్టిగా విసిరాను. మళ్ళీ ఊడ్పులు మొదలవకముందే ఆవిడ పోయింది.

పదో రోజు కాలువ గట్టున పిండం పెట్టారు. పోయినవాళ్ళకి తీరని కోరికలేవీ లేకపోతే కాకి వచ్చి ముట్టాలి. ఆడవాళ్ళం కాస్త ఎడంగా నిలబడ్డాం. మా ఊళ్ళో కాకులకి కరువా? చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. పెదనాన్న దణ్ణం పెట్టి, నీ పేరన అన్నదానం చేయిస్తానన్నాడు. రాలేదు. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఏం మనసులో పెట్టుకున్నావే తల్లీ అని ఏడ్చింది. రాలేదు. అప్పుడు మా అమ్మ ముందుకెళ్ళి, అందరూ వింటుండగా, "అక్కా, నువ్వు చెప్పింది నిజమే. మేమే నమ్మలేదు" అంది. ఆ మాటకి కాకి రెక్కలు కొట్టుకుంటూ వచ్చి వాలిందని చెబితే వినడానికి బాగుంటుంది. రాలేదు. ఎండెక్కిపోతోందని పురోహితుడు పిండం కాలువలో కలిపేయమన్నాడు.

ఇప్పుడు నాకు ఎనభై ఏళ్ళు. తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ సెగలూ, దడలూ నేనూ పడ్డాను. బాగోలేదని నోరు తెరిచి చెప్పాను, చెప్పినందుకు మాటలు కూడా పడ్డాను. నాకు తెలిసిన ప్రతి ఆడదానికీ, ఆగిపోయాక మళ్ళీ చుక్క కనపడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పొమ్మని సిగ్గు లేకుండా చెబుతాను. చేతకావడం లేదని ఎవరైనా అంటే, నిజంగానా అని మాత్రం ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.

మొన్నామధ్య మా కోడలు పొద్దున్నే బ్యాంకుకి తయారవుతూ కుర్చీలో కూలబడిపోయింది. దానికీ యాభై దాటాయి. రాత్రంతా నిద్ర లేదట, జాకెట్టు చెమటకి తడిసిపోయింది. "సెలవు పెట్టవే" అన్నాను. "ఏమని పెట్టనండీ అత్తయ్యగారూ? ఇది చెబితే నవ్వుతారు" అని, ఫోను తీసి జ్వరమని చెప్పింది. అవతల మనిషి ఏమన్నాడో నాకు వినపడలేదు. మా కోడలు మాత్రం, "నిజంగానే అండీ, నిజంగానే" అంటోంది. నేను లేచి వెళ్ళి వంటింట్లో స్టవ్ కట్టేశాను. తిరిగొచ్చి ఫ్యాను కింద చాప పరిచి, "కాకి ముట్టిందనుకో, పడుకో" అన్నాను.