సరోజన ఊదిన ముప్పై నాలుగు

పొద్దున పొయ్యి ఊదేటప్పుడు సరోజన లోలోపల పది వరకు లెక్కపెడుతుంది. ఇనుప గొట్టం పెదాలకు ఆనించి, ఒకటి, రెండు అనుకుంటూ, ఊపిరి తెగకుండా పది దాకా ఊదుతుంది. ఐదుకే మంట లేచినా ఆపదు. దవాఖానలోని మిషన్ నేర్పిన లెక్క అది. మధ్యలో ఊపిరి తెగితే మిషన్ కీచుమని అరిచి మళ్లీ ఊదమంటుంది. ఒక పని రెండోసారి చేయమని చెప్పించుకోవడం సరోజనకు గిట్టదు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు ఆమె నూలుకు రంగు వేసి ఇస్తుంది. యాభై నాలుగేళ్ల మనిషి. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. కోపం ముక్కు మీదే ఉంటుందని వాడకట్టంతా అంటుంది. ఆమె కూడా కాదనదు.

భర్త పర్శరాములు ఉన్న రోజుల్లో, సాయంత్రం ఆయన మగ్గం దిగాక ఇద్దరూ కూర్చుని కల్లు తాగేవాళ్లు. అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. ఆయన పోయాక కల్లు చాలలేదు. రంగు డబ్బాల వెనక మందు సీసా చేరింది. నిరుడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, కొడుకు చంద్రమౌళి, కోడలు రమ పనులకు పోయి ఉండగా, మూడేళ్ల మనవరాలు విజయశ్రీ కాగుతున్న రంగు గుండిగ దగ్గరికి పోయింది. సరోజన గోడకు ఆనుకుని మత్తుగా తూగుతోంది. వేడి నీళ్లు పిల్ల ఎడమ చేతి మీద పడ్డాయి. కబురు విని రమ పరుగున వచ్చి, తాగినవా అని అడిగితే, తాగలేదని సరోజన ఒట్టేసింది. నోరు తెరిచి అబద్ధం చెప్తుంటే ఆ నోట్లోంచే వాసన గుప్పుమంది.

ఆ రోజు నుంచి ఆమె చుక్క ముట్టలేదు. జూన్‌లో హన్మకొండలోని ఒక దవాఖానలో చేరింది. తాగుడు మాన్పించే వైద్యంతో పాటు అక్కడొక పరిశోధన నడుస్తోంది. వారానికి రెండుసార్లు వచ్చి, ఊపిరిలో మందు ఎంతుందో అంకెలో చూపే మిషన్‌లో ఊదాలి. ఆ అంకె చీటీ మీద అచ్చువేసి మనిషి చేతికే ఇస్తారు. తన అంకె తన కళ్లతో చూసుకుంటే మనిషి ఎక్కువ కాలం తాగకుండా ఉంటాడా అన్నది వాళ్లు తేల్చాల్సిన సంగతి. సరోజనకు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మంగళవారం చీటీ, శుక్రవారం చీటీ రమకు చూపించాలి. సున్నా ఉన్నన్ని రోజులు రమ బట్టల దుకాణానికి పోతూ పిల్లను అత్త దగ్గర వదులుతుంది. సున్నా కానినాడు పిల్ల ఉండదు. అలా అని రమ మొదటి రోజే చెప్పింది, సరోజన ఒప్పుకుంది.

పంతొమ్మిది వారాలు సున్నాలే వచ్చాయి. రమ వాటిని గోడకున్న తీగకు గుచ్చింది.

ఇరవయ్యో వారం మంగళవారం నాడు మిషన్ దగ్గర పనికి కొత్త మనిషి వచ్చాడు. పేరు విజయ్‌కుమార్. అయ్యప్ప మాల వేసుకుని ఉన్నాడు. నల్లబట్టలు, నుదుట గంధం, ఆడవాళ్లెవరు ఎదురైనా మాతా అని పలకరింపు. ఆ రోజంతా పక్కన కూర్చుని పని చూసి నేర్చుకున్నాడు. శుక్రవారం నుంచి పని తనదే అయింది. దీక్షలో ఉండి తాగుబోతుల ఎంగిలి గొట్టాలు ముట్టాల్సి రావడం అతనికి పెద్ద బాధ. మనిషి మనిషికీ మధ్య శానిటైజర్ దోసిట్లో పోసుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాడు.

సరోజన ఎప్పటిలాగే పది లెక్కపెట్టి ఊదింది. ముప్పై నాలుగు వచ్చింది.

"నేను తాగలే," అంది.

"అందరు గదే అంటరు మాతా. పోలీసోళ్లకు ముప్పై దాటితెనే కేసు. నీది ముప్పై నాలుగు."

ఇంకోసారి ఊదుతానంది. ఒక మనిషికి ఒకటేసారి అన్నాడు. వెనక వరుసలో జనం ఉన్నారని, తనకు పూజకు టైమవుతోందని కూడా అన్నాడు. చీటీ చించి, చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి ముందుకు తోశాడు.

ఇంట్లో రమ అరవలేదు. చీటీ చూసి, తీగకు గుచ్చకుండా బల్ల మీద బోర్లా పెట్టి, పిల్ల బట్టలు సంచిలో సర్దింది. సరోజన ఎన్ని చెప్పినా తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే పిల్లను తీసుకుని ధర్మసాగర్‌లోని తల్లిగారింటికి పోయింది. చంద్రమౌళి నన్నేం చేయమంటవని ఒక్క మాట అని బయటికి నడిచాడు. వాడకట్టులో ముప్పై నాలుగు అంకె సరోజన కంటే ముందే ఇల్లిల్లూ తిరిగింది. ఇన్నాళ్లూ దొంగచాటుగా తాగిందేమోనని ఒకరు, ఆడదానికి అదేం రోగమని ఒకరు. తాగిన రోజుల్లో వాళ్లు ఏమన్నా పడింది. తాగకుండా పడటం ఆమె వల్ల కాలేదు. శనివారం, ఆదివారం పొయ్యి వెలిగించలేదు.

సోమవారం పక్కింటి మొగిలమ్మ నూలు పిండటానికి సాయం వచ్చింది. ఎర్ర రంగు గుండిగలో చేతులు ముంచి నూలు లడీ పిండి, అవే చేతులతో పక్కనున్న తెల్ల నూలు అందుకోబోయింది. సరోజన ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? తడి చెయ్యి తెల్లనూలుకు తాకొద్దు. నీ చేతికున్నదే దానికంటుతది."

అని, పట్టుకున్న చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయింది. శుక్రవారం నాటి మిషన్ గది వాసన మళ్లీ ఆమె ముక్కుకు తగిలింది. గొట్టం నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఘాటుగా ఒక వాసన వచ్చింది. తన పాత సీసా మూత తీస్తే వచ్చే వాసనే. అప్పుడు తన మనసే తనను ఆడిస్తోందనుకుంది. అది అతని తడి చేతుల మీది శానిటైజర్‌దని ఇప్పుడు తట్టింది.

మంగళవారం వరుసలో అందరికంటే ముందు నిలబడింది. విజయ్‌కుమార్ శానిటైజర్ రుద్దుకుని, ఆరకముందే గొట్టం మిషన్‌కు తొడిగి, రెండు చేతులతో మిషన్‌ను చుట్టి పట్టుకుని ఆమె ముఖానికి చాపాడు. సరోజన మూతి తిప్పుకుంది.

"ముందుగాల నువ్వూదు, స్వామీ."

విననట్టు నటించాడు. ఆమె మళ్లీ అంది. మాలలో ఉన్నవాణ్ణి మందు మిషన్‌లో ఊదమనడం పాపమన్నాడు. బయటికి పంపిస్తానన్నాడు. సరోజన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. వెనక వరుసలో పండరి అని ఒక ఆటో డ్రైవర్ ఉన్నాడు. మానుతూ మళ్లీ మొదలుపెడుతూ మూడోసారి దవాఖానకొచ్చిన మనిషి. అతను నవ్వాపుకోలేక, "ఊదు స్వామీ, మేం గూడ సున్నా ఎట్లుంటదో జర చూస్తం," అన్నాడు.

గోల విని డాక్టర్ సుహాసిని వచ్చింది. చిన్న వయసు పిల్ల. ఆ పరిశోధన నడిపేది ఆమే. సరోజన లేవకుండానే సంగతంతా చెప్పింది. గొంతు పెంచకూడదనే అనుకుంది గానీ, నాలుగు రోజుల నుంచి తొక్కిపెట్టిన కోపం మాట మాటకీ పైకి తన్నుకొచ్చింది.

"నా చేతులు జూడు డాక్టరమ్మా. ముప్పై ఏండ్లసంది రంగుల్నే ఉన్నయ్. ఏ తడి దేనికంటుతదో నాకెర్క లేదా? ఆ చేతులతోనే పట్టుకోని ఊదుమను. సున్నా వస్తె నేను తాగిన్నని వాడకట్టంత చాటింపేస్త."

డాక్టర్ మిషన్ వైపు, విజయ్‌కుమార్ చేతుల వైపు చూసింది. శానిటైజర్ రుద్దుకుని మీరే ఊదండి అంది. అతను కళ్లు మూసుకుని శరణం చెప్పుకుని ఊదాడు. యాభై రెండు వచ్చింది.

పండరి, స్వామి మనందరినీ దాటేసిండని మెల్లగా గొణిగాడు. తర్వాత కిటికీలు తెరిచారు. పావుగంట ఆగి, సరోజన సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, కొత్త గొట్టం తానే తొడిగి, పది లెక్కపెట్టి ఊదింది. సున్నా.

సున్నా కాకపోతే పావుగంట ఆగి మళ్లీ ఊదించాలని వాళ్ల పుస్తకంలోనే రాసి ఉందని డాక్టర్ అప్పుడు చెప్పింది. అది విన్నాక సరోజన కోపం ఇంకా రేగింది. శుక్రవారం అంకెను మాత్రం చెరపడానికి వీల్లేదట. ఒకసారి ఎక్కిన అంకె అలాగే ఉంచి, పక్కన కారణం రాస్తారట.

"పరిశోధనలో పద్ధతి అదేనమ్మా," అంది డాక్టర్. ఆ మాట చెప్పడానికి ఆమెకే మొహం చెల్లలేదు.

"పద్ధతి నా తానకొచ్చేసరికి యాదికొచ్చిందా?" అంది సరోజన. "గొట్టం ముట్టనీకి ఆయనకు మైల. ఆయన మైల కడుక్కునేటాళ్లకు నా పిల్ల పాయె. నువ్వు రాసేది నీ పుస్తకంల రాసుకో. నాకొక కాయితం నీ చేతితోటి రాసియ్యి."

డాక్టర్ రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. విజయ్‌కుమార్ ఏదో చెప్పబోయాడు. సరోజన అతని వైపు చూడకుండా బయటికొచ్చి బస్సెక్కింది.

ధర్మసాగర్‌లో రమ గడపలో నిలబడే కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. విజయశ్రీ లోపలి నుంచి బాపమ్మా అంటూ వచ్చి కాళ్లకు చుట్టుకుంది. సరోజన పిల్లను ఎత్తుకోలేదు. ముందు చెప్పాల్సింది చెప్పాలనుకుంది.

"ఆ రోజు నేను నీకు జానెడు దూరంల నిలవడ్డ. కాయితం జూసినవ్. నా నోరు వాసన జూడలే."

రమ తల వంచుకోలేదు. పిల్ల ఎడమ చేతిని పట్టుకుని, ముడుతపడ్డ చర్మాన్ని బొటనవేలితో నిమిరింది.

"చెయ్యి కాలిన్నాడు గూడ తాగలేదనే అన్నవ్ అత్తమ్మా."

సరోజన వంగి పిల్లను ఎత్తుకుంది. తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు.

ఆ పరిశోధన డిసెంబర్‌లో అయిపోయింది. మిషన్ గదిలో శానిటైజర్ సీసా తీసేసి సబ్బు పెట్టారు. పుస్తకంలో సరోజన పేరు ఎదుట సున్నాల మధ్య ముప్పై నాలుగు అలాగే ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో ఒక వాక్యంతో. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడామె తాగక పద్నాలుగు నెలలైంది. విజయశ్రీ పగలంతా ఆమె దగ్గరే ఉంటుంది. రమ చీటీలు అడగదు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విప్పకముందే అత్త ముఖం దగ్గరికి వంగి ఊపిరి పీల్చి, అప్పుడు పిల్లను తీసుకుంటుంది.